తప్పుకూ నేరానికీ తేడా మా పిల్లలకు చెప్పనివ్వండి

హైస్కూల్లో సోషల్ ఏం చెప్పాలో నిర్ణయించే అధికారులకు, పాఠ్యపుస్తకాలు రాసే పెద్దలకు, మండలాల్లో మా బడులను చూసుకునే సార్లకు, మేడమ్‌లకు,

నమస్కారం.

నేను నల్లగొండ జిల్లాలో దేవరకొండ వైపు ఒక సర్కారు హైస్కూల్లో 19 ఏళ్లుగా సోషల్ చెప్తున్నాను. తప్పుకూ నేరానికీ తేడా తరగతిలో చెప్పనివ్వమని ఇప్పటికి మూడు అర్జీలు పెట్టాను. మొదటిది చేతికిచ్చాను, రెండోది పోస్టులో పంపాను, మూడోదానికి రసీదు కూడా తీసుకున్నాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. అందుకే అందరూ చదివేలా రాస్తున్నాను. మీకు చాలా పనులుంటాయి కాబట్టి సూటిగా విషయానికే వస్తాను.

మా బడిలో 9వ తరగతిలో ఒక పిల్లగాడు ఉండేవాడు. అమ్మానాన్నలు పుణె దగ్గర బిల్డింగ్ పనికి వలస పోతే వాడూ చెల్లెలూ నాయనమ్మ దగ్గర ఉండేవాళ్లు. ఒక ఆదివారం ఊళ్లో కిరాణా షాపులో చార్జింగ్ పెట్టిన ఫోన్ పోయింది. ఆఖరున అక్కడ నిలబడ్డది వీడే అని ఎవరో అన్నారు. అంతే, నడిబజార్లో కరెంటు స్తంభానికి కట్టేసి కొట్టారు, కొడుతుంటే ఒకాయన వీడియో తీశాడు. సాయంత్రానికి ఆ వీడియో మా పదో తరగతి పిల్లల ఫోన్లలో కూడా ఉంది. ముఖం కనపడుతోంది, ఎవరి కొడుకో పేరు పెట్టి చెప్తున్నారు, బడి యూనిఫాం ప్యాంటు కూడా కనపడుతోంది. ఆదివారం కూడా వాడికి వేసుకోవడానికి అదే ఉండేది మరి.

ఆ ఫోన్ ఎవరు తీశారో నాకు ఇప్పటికీ తెలియదు. వాడే తీశాడనుకుందాం. అయినా సరే, ఆ రోజు ఆ బజార్లో జరిగిన నేరాల్లో అన్నిటికంటే చిన్నది ఆ ఫోన్ పోవడమే. పిల్లవాణ్ణి కట్టేయడం నేరం, కొట్టడం నేరం. నేరం చేశాడని ఆరోపణ వచ్చిన పిల్లవాడు ఎవరో తెలిసిపోయేలా పేరు, ఫొటో, బడి బయటపెట్టకూడదని బాలల న్యాయ చట్టం 2015లోని 74వ సెక్షన్ చెప్తుంది, దానికి ఆరు నెలల దాకా జైలు లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదంటే రెండూ పడొచ్చు. ఈ మాట అక్కడ గుమిగూడినవాళ్లలో ఒక్కరికి కూడా తెలియదు. వాళ్లలో మా బడిలో చదివి వెళ్లినవాళ్లే ఎక్కువ, వాళ్లలో సగం మందికి సోషల్ చెప్పింది నేనే.

సోమవారం వాడు బడికి వచ్చాడు. వెనక బెంచీ పిల్లలు బ్యాగులు దగ్గరికి లాక్కున్నారు. నేను రోజూ టేబుల్ మీద పెట్టే హ్యాండ్‌బ్యాగు ఆ రోజు తీసి బీరువాలో పెట్టాను. వాడు చూశాడు. చూశాడని తెలిసి కూడా నేను దాన్ని మళ్లీ బయట పెట్టలేదు. ఈ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. పది రోజుల్లో వాడు బడి మానేశాడు, ఇప్పుడు తల్లిదండ్రులతో పాటు ఇటుకలు మోస్తున్నాడని నాయనమ్మ చెప్పింది.

వాడు మానేశాక 9వ తరగతిలో ఒక పీరియడ్ పాఠం ఆపేసి బోర్డు మీద నాలుగు గళ్లు గీశాను. ఊరూ చట్టమూ రెండూ తప్పు అనేవి ఒక గడిలో. ఊరు తప్పంటుంది గాని చట్టం అననివి రెండో గడిలో. ఊరు ఏమీ అనదు గాని చట్టం నేరం అనేవి మూడో గడిలో. ఇద్దరూ పట్టించుకోనివి నాలుగో గడిలో. చిట్టీల మీద పేర్లు లేకుండా రాయమన్నాను. మొదటి గడిలో దొంగతనం, హత్య లాంటివి వచ్చాయి, రెండు నిమిషాల్లో అయిపోయింది. రెండో గడిలో కులం కాని వాళ్లను పెళ్లి చేసుకోవడం, భర్త చనిపోయినావిడ బొట్టు పెట్టుకోవడం, ఆడపిల్ల జీన్స్ వేసుకోవడం అని రాశారు. మూడో గడి మాత్రం నిండిపోయి పక్కకు రాయాల్సి వచ్చింది. కట్నం, పద్దెనిమిది నిండకుండా పెళ్లి, హోటల్లో దళితులకు వేరే గ్లాసు, పిల్లలు బండి నడపడం, ఓటుకు పైసలు. ఒక అమ్మాయి లేచి అడిగింది, "మేడం, మా నాయన ఓటుకు పైసలు తీసుకుండు, మరి మా నాయన నేరస్తుడా?" అని.

అంతకంటే మంచి ప్రశ్న నా సర్వీసులో ఎవరూ అడగలేదు. ఓటుకు డబ్బు ఇవ్వడమూ తీసుకోవడమూ రెండూ నేరాలే. కానీ నేరం జరగడం వేరు, మనిషికి నేరస్తుడని ముద్ర వేయడం వేరు, అది కోర్టు తేల్చాల్సింది. ఊరంతా చేసే పని తప్పుగా అనిపించకపోవడం ఇంకా వేరు. ఈ మూడూ విడదీసి చెప్పడానికి నాకు పీరియడ్ మొత్తం పట్టింది, పిల్లలు గంట కొట్టినా లేవలేదు.

మర్నాడు ఆ బోర్డు ఫొటో ఊరి వాట్సాప్ గ్రూపులో తిరిగింది. నలుగురు పెద్దమనుషులు బడికి వచ్చి పిల్లలకు ఇళ్ల మీద తిరగబడడం నేర్పిస్తున్నానన్నారు. తర్వాత పై నుంచి ఫోన్ వచ్చింది, "సిలబస్‌లో ఉన్నదే చెప్పండి, లేనిపోని టెన్షన్ పెట్టుకోకండి" అని. రాతపూర్వకంగా ఏమీ ఇవ్వలేదు. ఇవ్వమని అడిగితే అదీ ఇవ్వలేదు.

సోషియాలజీ పుస్తకాల్లో వీటిని విచలనం, నేరం, సామాజిక నియంత్రణ అంటారు. మన మాటల్లో కట్టు తప్పడం, నేరం చేయడం, కట్టడి చేయడం. ఎన్‌సీఈఆర్‌టీ 11వ తరగతి సోషియాలజీలో సామాజిక నియంత్రణ గురించి చెప్పారు. మా ఊరి పిల్లలు ఇంటర్‌కు పోతే ఎంపీసీ, బైపీసీ, సీఈసీ అంటారు, పదితో ఆగిపోయినవాళ్లకు అసలే లేదు. మన పుస్తకాల్లో చట్టం, న్యాయం గురించి పాఠం ఉంది, మంచి పాఠమే. కానీ కేసు పెట్టాక ఏం జరుగుతుందో అందులో తెలుస్తుంది గాని, ఒక పనిని తప్పు అని ఎవరు అంటున్నారు, ఎందుకు అంటున్నారు, శిక్ష వేసే హక్కు ఎవరికుంది అన్న ప్రశ్న ఉండదు. పాత నేర చట్టం ఐపీసీ పోయి 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది, అది పిల్లలకు అర్థమయ్యే తెలుగులో రాసిన చిన్న పుస్తకం ఒక్కటి కూడా మా బడికి రాలేదు.

ఇది చెప్పకపోతే ఎవరికి ఏం నష్టం అంటే:

1. పిల్లలు శిక్ష అంటే ఏమిటో రీల్స్‌లో నేర్చుకుంటున్నారు. 2019 డిసెంబర్ 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో ఒక పశువుల డాక్టరమ్మ మీద అత్యాచారం, హత్య కేసులో పట్టుకున్న నలుగురు నిందితులను పోలీసులు కాల్చి చంపారు. ఆ రోజు మా బడిలో పిల్లలు చప్పట్లు కొట్టారు, నిజం చెప్పాలంటే స్టాఫ్‌రూంలో కూడా కొట్టారు. ఆ డాక్టరమ్మకు జరిగిన ఘోరం తలుచుకుంటే ఆ కోపం ఎవరికైనా వస్తుంది. కానీ సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికి వచ్చినప్పుడు, కాల్పులు చంపాలనే ఉద్దేశంతో జరిపినవని, చనిపోయినవాళ్లలో ముగ్గురు అప్పటికి మైనర్లని తేల్చింది. ఆ నలుగురూ మన పాలమూరు వైపు, మక్తల్ చుట్టుపక్కల ఊళ్ల వాళ్లే. ఈ రెండో సగం మా పిల్లలకు ఎవరూ చెప్పలేదు. నేను చెప్పినప్పుడు తరగతిలో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకడు, "మరి నిజంగా ఎవరు చేశిండ్రో కోర్టుల తేలకముందే చంపితే ఎట్ల తెలుస్తది మేడం?" అన్నాడు. 14 ఏళ్ల వాడు తనంతట తాను అడిగిన ప్రశ్న అది. అడిగే సందు దొరకాలి, అంతే.

అదే పద్ధతి ఊళ్లలో చిన్న ఎత్తున జరుగుతుంది. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకారు లేస్తే తెలంగాణలో చాలా ఊళ్లలో దారిన పోయే అమాయకులను పట్టుకుని కొట్టారు. అప్పుడు గద్వాల, వనపర్తి జిల్లాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి గారు పోలీసులను ఊరూరా తిప్పి, డప్పు కొట్టించి, పాటలు పాడించి పుకార్లు నమ్మొద్దని చెప్పించారు. అంటే మనుషుల భాషలో చెప్తే మనుషులు వింటారని మన దక్షిణ తెలంగాణలోనే రుజువైంది. ఆ పని బడిలో ఎందుకు చేయకూడదు?

2. చట్టం తెలియక దెబ్బ తినేది ముందు పేదింటి పిల్లలే. పదిహేడేళ్ల పిల్ల, పద్దెనిమిదేళ్ల పిల్లవాడు ఇష్టపడి వెళ్లిపోతారు, వారం తర్వాత పిల్లవాడి మీద పోక్సో కేసు, అంటే పిల్లల మీద లైంగిక నేరాల చట్టం కింద కేసు. పద్దెనిమిది నిండని పిల్ల ఒప్పుకున్నా చట్టం దాన్ని ఒప్పుకోలుగా లెక్కపెట్టదని ఇద్దరికీ తెలియదు, ఇద్దరి ఇళ్లల్లో తెలియదు. బండి నడిపే పిల్లల సంగతీ అంతే. మైనర్ బండి నడిపి పట్టుబడితే తండ్రికి గానీ బండి యజమానికి గానీ మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు, ఆ పిల్లవాడికి 25 ఏళ్లు నిండేదాకా లైసెన్స్ రాదు. 2019 నుంచి ఉన్న చట్టమిది. పొలానికి టిఫిన్ ఇచ్చి రమ్మని బండి తాళం ఇచ్చే తండ్రికి ఈ మాట ఎవరు చెప్పారు? పది దాటిన పిల్లలకు ఇంకో ఉచ్చు ఉంది. "నీ బ్యాంకు ఖాతా, ఏటీఎం కార్డు కొన్నాళ్లు ఇవ్వు, కొంత ఇస్తా" అంటారు. ఆ ఖాతాలో సైబర్ దొంగల డబ్బు పడుతుంది. పోలీసులు ముందు వచ్చేది ఖాతా ఉన్నవాడి ఇంటికే. ఊళ్లో అందరూ "వాడేం దొంగతనం చేయలే, ఖాతా ఇచ్చిండంతే" అంటారు. ఊరి లెక్కలో అది తప్పే కాదు, చట్టం లెక్కలో నేరం. గంజాయి పొట్లం ఒకచోటి నుంచి ఇంకోచోటికి అందించి రావడం కూడా ఇట్లాంటిదే.

3. నష్టపోయిన పిల్లలు నోరు విప్పడం లేదు. ఎవరైనా చెయ్యి వేస్తే తప్పు తనదే అనుకునే ఆడపిల్లలను, మగపిల్లలను కూడా నేను చూశాను. కట్టు తప్పింది ఎవరు, నేరం చేసింది ఎవరు అనే తేడా తెలియకపోతే అట్లే అనుకుంటారు. పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్లు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోవడమే శిక్ష పడే నేరం. ఇది టీచర్లకు కూడా వర్తిస్తుంది. పరువు పోతుందని సర్ది చెప్పి పంపే మా తోటివాళ్లు కొందరికి ఇది నిజంగా తెలియదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు గోడ మీద రాసి ఉంది, కానీ ఫోన్ చేస్తే ఏమవుతుంది, ఎవరు వస్తారు, ఇంట్లో తెలుస్తుందా అన్న మూడు ప్రశ్నలకు గోడ మీద జవాబు లేదు.

4. ముద్ర. దీని మీద ఎక్కువ రాయాలని ఉంది, ఎందుకంటే మా పిల్లగాడిని పోగొట్టింది ఇదే. ఒక మనిషిని దొంగ దొంగ అని పదిమందీ పిలిస్తే వాడికి మిగిలే దారులు మూసుకుపోయి చివరికి ఆ దారిలోకే నెట్టబడతాడని హోవర్డ్ బెకర్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త 1960లలో వివరించాడు. మనకు అమెరికా దాకా పోవాల్సిన పని లేదు. 1871లో బ్రిటిష్ వాళ్లు నేరస్థ జాతుల చట్టం తెచ్చి కులాలకు కులాలనే పుట్టుకతో నేరస్తులన్నారు. ఆ చట్టం 1952లో రద్దయింది. కానీ మా మండలంలో ఎక్కడ కోడి పోయినా ముందు ఏ వాడకు పోయి వెతుకుతారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. మా తరగతిలో ఎరుకల పిల్లలున్నారు, తండా పిల్లలున్నారు. ఆ 1871 చట్టం గురించి చెప్పిన రోజు ఒక పిల్ల ఇంటికి పోయి తాతను అడిగి వచ్చి, వాళ్ల తాత చిన్నప్పుడు ఠాణాకు పోయి హాజరు వేయించుకోవడం చూశాడట అని చెప్పింది. పుస్తకంలో ఏ పాఠమూ ఆ పిల్లను ఇంటికి పోయి అడిగేలా చేయలేదు.

5. కట్టు తప్పడం ప్రతిసారీ తప్పు కాదు అని చెప్పకపోతే మన చరిత్రే పిల్లలకు అర్థం కాదు. అప్పట్లో నల్లగొండ జిల్లాలో ఉన్న జనగామ తాలూకా పాలకుర్తిలో చాకలి ఐలమ్మ విసునూరు దేశ్‌ముఖ్ దొర మాట కాదని తాను కౌలుకు తీసుకున్న చేను సాగు చేసుకుంది. ఆ దొర కోట లెక్కలో కట్టు తప్పింది ఐలమ్మే. వెట్టి చేయనన్న ప్రతి మనిషీ ఆ రోజుల్లో కట్టు తప్పినవాడే. ఈ రోజు ఐలమ్మ పేరు మీద యూనివర్సిటీ ఉంది. మరి నారాయణపేట, మక్తల్ వైపు ఆడపిల్లను దేవుడికి ఇచ్చి పెళ్లి చేసే జోగిని ఆచారం తీసుకోండి, ఊరు దాన్ని దేవుడి పని అంది, చట్టం 1988లో నేరం అంది. జోగినిగా మారనన్న పిల్ల ఊరి దృష్టిలో తప్పు చేసింది, చట్టం దృష్టిలో చేసిన తప్పేమీ లేదు. మిర్యాలగూడలో 2018 సెప్టెంబర్‌లో కులం కానివాణ్ణి కూతురు పెళ్లి చేసుకుందని ఆ అల్లుణ్ణి పట్టపగలు హత్య చేయించారు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. తీర్పు వచ్చాక కూడా "ఆ తండ్రి బాధ కూడా చూడాలి గదా" అనే మాట మా ఊళ్లో విన్నాను, పిల్లలూ విన్నారు. ఆ మాటకు జవాబు తరగతిలో చెప్పకపోతే ఇంకెక్కడ చెప్పాలి? పెళ్లి చేసుకున్నవాళ్లు చేసింది నేరం కాదు, ఊరి కట్టుబాటు దాటారు అంతే. నేరం చేసింది కట్టుబాటు పేరు చెప్పి కత్తి పట్టించినవాళ్లు.

6. వలస. నాగర్‌కర్నూల్, నారాయణపేట, దేవరకొండ వైపు ఎన్ని ఇళ్లల్లో పిల్లలు అవ్వాతాతల దగ్గర పెరుగుతున్నారో మీ రికార్డుల్లోనే ఉంటుంది. మనిషిని తప్పుదారి పట్టకుండా ఆపేది భయం కంటే అయినవాళ్లతో ఉండే బంధం, చేతిలో ఉన్న పని, ముందు ముందు మీద ఆశ అని సామాజిక శాస్త్రం చెప్తుంది. ఆ పిల్లలకు ఇంట్లో దొరకని బంధం బడిలోనే దొరకాలి. అక్కడ కూడా బీరువా తాళం వేస్తే ఇంకెక్కడికి పోతారు?

చాలామంది ఒకే మాట అంటారు, నేరాల గురించి చెప్తే పిల్లలు నేరాలు నేర్చుకుంటారని. వాళ్ల చేతుల్లో ఫోన్ ఉంది. కత్తి ఎట్లా పట్టాలో, ఎట్లా తప్పించుకోవాలో చూపించే వీడియోలు మనం ఆపలేకపోయాం. అందులో లేనిది ఒకటే, బాధపడ్డవాళ్ల ఇంట్లో ఆ తర్వాత ఏం జరుగుతుందో. ఇంకో సంగతి, వంద గజాల లోపల సిగరెట్లు, గుట్కా అమ్మకూడదని చట్టం ఉన్నా, బడి గేటు పక్కనే అమ్మడం రోజూ చూస్తున్న పిల్లలకు "తప్పు చేయొద్దు" అని ప్రార్థనలో చెప్పించడం వల్ల ఏం వస్తుంది? పదో తరగతి పరీక్షల్లో చిట్టీలు గోడ దాటి వస్తుంటే పెద్దవాళ్లమే చూసీ చూడనట్టు ఉంటాం. పిల్లలు అన్నీ చూస్తారు.

నేను పాఠం చెప్పేటప్పుడు నాకు నేను కొన్ని హద్దులు పెట్టుకున్నాను, మీరు వీటినే నిబంధనలుగా పెట్టినా నాకు సమ్మతమే. ఊళ్లో ఎవరి పేరూ తీయకూడదు. నడుస్తున్న కేసు గురించి తీర్పు చెప్పకూడదు. రక్తపాతం వర్ణించకూడదు. మీ ఇంట్లో ఎవరు తాగుతారు, ఎవరు కొడతారు అని నలుగురిలో అడగకూడదు. ఎవరైనా తమకు జరిగిన హాని నాతో చెప్తే చట్టం ప్రకారం నేను పైకి చెప్పక తప్పదని మొదటి రోజే పిల్లలకు చెప్పాలి, లేకపోతే అది వాళ్ల నమ్మకాన్ని మోసం చేసినట్టే అవుతుంది.

ఇప్పుడు నేను అడిగేవి:

1. 8, 9, 10 తరగతులకు వారానికి ఒక్క పీరియడ్ ఇవ్వండి. మార్కులు పెట్టకండి, పరీక్ష పెట్టకండి. పరీక్ష పెడితే గైడు వస్తుంది, గైడు వస్తే పిల్లలు నిర్వచనం బట్టీ కొడతారు, ప్రశ్న అడగరు.

2. ఈ పాఠాలు చెప్పే టీచరుకు రాతపూర్వకంగా అనుమతి ఇవ్వండి. ఫోన్లో ఆపడం, ఫోన్లోనే మందలించడం వద్దు. ఊరి పెద్దలు వస్తే చూపించడానికి నా చేతిలో ఒక కాగితం ఉండాలి. ఈ ఒక్కటి ఇచ్చినా మిగతావి మేం ఎట్లాగో చేసుకుంటాం.

3. కొత్త చట్టాల ప్రకారం, తెలుగులో, నలభై పేజీలు మించకుండా ఒక పుస్తకం ఇవ్వండి. సెక్షన్ల జాబితా కాదు. ఠాణాకు తీసుకెళ్తే నీ హక్కు ఏమిటి, పిల్లలను లాకప్‌లో పెట్టకూడదు, 24 గంటల్లో బాలల న్యాయ మండలి ముందుంచాలి, ఎవరికి ఫోన్ చేయాలి, ఏం చెప్పాలి, ఇట్లాంటివి ఉండాలి. రాసేటప్పుడు పాలమూరు, నల్లగొండ బడుల టీచర్లను కూర్చోబెట్టుకోండి.

4. అవగాహన సదస్సు అని టెంటు వేసి, ఫ్లెక్సీ కట్టి, నాలుగు వందల మందిని ఎండలో కూర్చోబెట్టి గంట ఉపన్యాసం ఇప్పించడం ఆపండి. ప్రతి ఠాణాలో బాలల సంక్షేమ పోలీసు అధికారి ఒకరు ఉండాలని చట్టంలోనే ఉంది. ఆ అధికారి యూనిఫాం లేకుండా, ఒక్కో తరగతికి విడిగా వచ్చి, పిల్లలు అడిగినదానికి జవాబు చెప్పాలి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ నుంచి ఒక లాయర్ టర్ముకు ఒకసారి వస్తే చాలు.

5. మత్తు పదార్థాల మీద బడుల్లో ప్రహరీ క్లబ్బులు పెట్టారు, మంచిదే. కానీ వాటి వల్ల పిల్లలు ఒకరి మీద ఒకరు చాడీలు చెప్పేవాళ్లు కాకూడదు. గంజాయి తాగిన పిల్లవాడిని పట్టిచ్చే చోటు కాకుండా, వాడు వచ్చి సాయం అడిగే చోటు అయ్యేలా ఆదేశాలు మార్చండి.

6. టీచర్లకు రెండు రోజుల శిక్షణ పెట్టండి. అందులో పోక్సో 19వ సెక్షన్, బాలల న్యాయ చట్టం, విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ తప్పనిసరిగా ఉండాలి. పిల్లల్ని కొట్టకూడదు, మానసికంగా వేధించకూడదు అని 2009 నుంచి చట్టం ఉంది. మా బడుల్లో కట్టె ఇంకా ఉంది. కట్టె పట్టుకుని చట్టం గురించి పాఠం చెప్తే పిల్లలు నమ్మరు.

7. కేసులో ఇరుక్కున్న పిల్లలు, ఊరు ముద్ర వేసిన పిల్లలు బడికి తిరిగి వచ్చేలా ఒక పద్ధతి పెట్టండి. నాలుగైదు రోజులు రాకపోతే హెడ్మాస్టరో క్లాస్ టీచరో ఇంటికి పోవాలి. టీసీలో, కాండక్ట్ సర్టిఫికెట్‌లో ప్రవర్తన గడి దగ్గర ఆరోపణలను బట్టి, ఊరి మాటలను బట్టి ఏమీ రాయకూడదని ఆదేశం ఇవ్వండి. ఆ పిల్లగాడి నాయనమ్మ టీసీ కోసం వస్తానంది. పుణెలో ఎక్కడైనా నైట్ స్కూల్లో చేర్పిస్తారట. ఆ గడిలో "బాగుంది" అని రాయాలని మా హెడ్మాస్టర్ గారిని ఇప్పటికే అడిగాను, ఆయన ఒప్పుకున్నారు. ప్రతి బడిలో ఒప్పుకునే హెడ్మాస్టర్ ఉంటారని నమ్మకం లేదు కాబట్టి ఆదేశం అడుగుతున్నాను.

ఈ లేఖకు 30 రోజుల్లో జవాబు ఇవ్వండి. కుదరదు అనుకుంటే కుదరదనే రాయండి, కారణం కూడా రాయండి, దాని మీద మళ్లీ మాట్లాడుకుందాం. జూన్ 12న బడులు తెరిచే సరికి టైంటేబుల్ వేయాలి. 9వ తరగతికి శనివారం ఆఖరు పీరియడ్ ఖాళీగా ఉంచమని మా బడిలో చెప్పి ఉంచాను.

ఇట్లు,
ఒక సోషల్ టీచర్,
దేవరకొండ డివిజన్, నల్లగొండ జిల్లా